"అమ్మట్లేదక్కా, టికెట్‌లోనే ఉంది": కాలిఫోర్నియాలో మన ఈవెంట్లు, మద్యం లైసెన్సు, అపోహలు - వాస్తవాలు

ఉగాదికి నెల ముందు, దీపావళికి నెల ముందు నా ఫోన్‌కి ఒకే రకం కాల్ వస్తుంది. "అక్కా, చిన్న డౌటు. మేం మందు అమ్మట్లేదు, టికెట్‌లోనే ఉంది. లైసెన్సు అక్కర్లేదు కదా?" అడిగే గొంతులోనే జవాబు కూడా ఉంటుంది. నేను ఊఁ అంటే చాలు, ఫ్లయర్ వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్ళిపోతుంది.

నేను ఊఁ అనను. శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న ఈస్ట్ బేలో ఒక బ్రూవరీకి, అంటే బీరు తయారుచేసే కంపెనీకి, చాలా కాలం లైసెన్సుల పని చూశాను. ఇప్పుడు సొంతంగా ఈవెంట్లకి పర్మిట్ల కాగితాలు సిద్ధం చేస్తున్నాను. మన సంఘాల వాళ్ళందరూ పగలు ఉద్యోగం చేసుకుని రాత్రి పూట ఈవెంటు పనులు నెత్తినేసుకునేవాళ్ళే. వాళ్ళ మీద నాకు కోపం లేదు. "పోయినేడాది ఫలానా వాళ్ళు చేశారు, ఏమీ కాలేదు" అని వాళ్ళకి ధైర్యం చెప్పేవాళ్ళ మీదే ఉంది. పట్టుబడకపోవడానికీ అనుమతి ఉండటానికీ తేడా తెలియకుండా సలహాలిస్తారు.

అపోహ: టికెట్‌లో కలిపితే, డొనేషన్ అంటే, కూపన్ అంటే అది అమ్మకం కాదు.

వాస్తవం: అమ్మకమే. కాలిఫోర్నియా బిజినెస్ అండ్ ప్రొఫెషన్స్ కోడ్‌లో 23025 సెక్షన్ అమ్మకం అంటే ఏమిటో చెబుతుంది. ఏ ప్రతిఫలానికైనా సరే మద్యం ఒకరి చేతి నుంచి ఇంకొకరికి పోతే అది అమ్మకం. ప్రతిఫలం అనే మాట పరిధి చాలా పెద్దది. లోపలికి రావడానికి 60 డాలర్ల టికెట్ కొనాలి, లోపల బీరు ఊరికే పోస్తారు అంటే ఆ 60లో బీరు ధర ఉన్నట్టే. బల్ల మీద డబ్బా పెట్టి "మీకు తోచినంత" అని రాసినా, జెల్ (Zelle) యాప్‌లో డబ్బు పంపమని నంబరు అంటించినా, తలుపు దగ్గర టోకెన్లు అమ్మి లోపల టోకెన్‌కి గ్లాసు ఇచ్చినా అంతే. పేరు మార్చినంత మాత్రాన పని మారదు.

లైసెన్సు లేకుండా మద్యం పోయడానికి చట్టంలో దారి లేదా అంటే, ఉంది. 23399.1 సెక్షన్. దానికి మూడు షరతులు, మూడూ ఒకేసారి ఉండాలి. మద్యం అమ్మకం ఉండకూడదు. ఆ సమయంలో ఆ చోటుకి సాధారణ జనానికి ప్రవేశం ఉండకూడదు. ఆ చోటు మద్యం పోయడానికో తాగడానికో నడుపుతున్నది కాకూడదు. ఇంట్లో గృహప్రవేశం, హాలు అద్దెకు తీసుకుని పిలిచినవాళ్ళకే చేసే అరవయ్యో పుట్టినరోజు ఈ మూడింటికీ సరిపోతాయి. ఫేస్‌బుక్‌లో ఫ్లయర్ పెట్టి, ఎవరొచ్చినా టికెట్ ఇచ్చే ఫండ్‌రైజర్ మొదటి రెండు షరతుల దగ్గరే ఆగిపోతుంది.

ఇది చదువుతూ "మరీ చాదస్తం" అనుకునేవాళ్ళకి ఒక రాత్రి సంగతి చెప్తాను. కొన్నేళ్ళ కిందటిది. సంఘం పేరు వద్దు. మన వైపు ఒక ఊళ్ళో బడికి గదులు కట్టించాలని ఇక్కడ ఫండ్‌రైజర్ పెట్టారు. కమ్యూనిటీ హాలు, మూడు వందల మంది, పాటలు, బిర్యానీ. మూలన తెల్ల గుడ్డ పరిచిన బల్ల, దాని కింద మూడు కెగ్‌లు, అంటే బీరు పీపాలు. బల్ల మీద ఇంట్లోంచి తెచ్చిన స్టీలు డబ్బా, దాని మీద కాగితం: సజెస్టెడ్ డొనేషన్ 5 డాలర్లు.

పార్కింగ్ గొడవ మీద ఎవరో ఫోన్ చేస్తే పోలీసు సార్జెంటు వచ్చాడు. పార్కింగ్ సంగతి చూసుకుని, లోపల ఒకసారి కలియతిరిగి, బల్ల దగ్గర ఆగి "బీరెంత?" అని అడిగాడు. అక్కడ పోస్తున్న కుర్రాడు నిజాయితీగా "ఫ్రీ సర్, డబ్బాలో ఐదు డాలర్లు వేస్తే చాలు" అన్నాడు. లైసెన్సు చూపించమన్నారు. ట్రెజరర్ పరుగున వెళ్ళి ప్లాస్టిక్ ఫోల్డర్‌లోంచి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఇచ్చిన 501 సీ3 (లాభాపేక్ష లేని సంస్థ అనే) లెటరు తీసి చూపించాడు. సార్జెంటు దాన్ని మొత్తం చదివి, మెల్లగానే చెప్పాడట: ఇది పన్నుల కాగితం, నేనడిగింది మద్యం కాగితం అని.

బారు మూయించారు. రిపోర్టు రాసుకున్నారు. రాత్రి పదకొండున్నరకి ట్రెజరర్ పార్కింగ్ లాట్‌లోంచి నాకు ఫోన్ చేశాడు. బీరు గురించి గానీ డబ్బుల గురించి గానీ ఒక్క మాటా లేదు. "అక్కా, నేను హెచ్1బీ మీదున్నా. నా మీద కేసవుతుందా?" అని మాత్రం మూడుసార్లు అడిగాడు. లైసెన్సు లేకుండా అమ్మడం ఇక్కడ మిస్‌డిమీనర్, క్రిమినల్ నేరమే. వీసా సంగతి మాత్రం ఇమిగ్రేషన్ లాయర్నే అడగాలని చెప్పి, ఆ రాత్రికి ఎవరికీ ఏమీ రాసివ్వొద్దన్నాను. చివరికి హెచ్చరికతో పోయింది. కానీ హాలు డిపాజిట్ వెనక్కి రాలేదు, ఆ హాలు వాళ్ళు మళ్ళీ అద్దెకివ్వలేదు. ఆ రెండు నెలలూ ఆ మనిషి సరిగా నిద్రపోలేదని వాళ్ళావిడ నాతో చెప్పింది. ఒక్క కాగితం ముందే పెట్టుకుని ఉంటే ఆయనకి ఇదంతా ఉండేది కాదు.

ఆ కాగితం పేరు ఏబీసీ-221, ఈవెంటు రోజు వరకే ఇచ్చే డైలీ లైసెన్సుకి దరఖాస్తు. ఏబీసీ అంటే రాష్ట్రంలో మద్యం లైసెన్సులు చూసే శాఖ. శాన్‌హోజేలో, ఓక్లండ్‌లో వాళ్ళ డిస్ట్రిక్ట్ ఆఫీసులున్నాయి. మీ ఈవెంటు ఏ కౌంటీలో ఉందో దాన్ని చూసే ఆఫీసుకే ఇవ్వాలి. అందులో హాలు యజమాని సంతకానికి ఒక చోటు, స్థానిక పోలీసుల ఆమోదానికి ఒక చోటు ఉంటాయి. ఆలస్యమంతా ఆ రెండు సంతకాల దగ్గరే, ఏబీసీ దగ్గర కాదు. అందుకే హాలు బుక్ చేసిన రోజే కాగితం మొదలుపెట్టమంటాను. ఆరుబయట అయితే మద్యం ఎక్కడ పోస్తారు, కంచె ఎక్కడ, లోపలికి దారి ఎక్కడ అని బొమ్మ కూడా గీసివ్వాలి.

ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది. 2022 జులై నుంచి మద్యం పోసేవాళ్ళకి ఆర్‌బీఎస్ ట్రైనింగ్, అంటే బాధ్యతగా మద్యం పోయడం మీద శిక్షణ, తప్పనిసరి అయింది. డైలీ లైసెన్సు తీసుకున్న నాన్‌ప్రాఫిట్‌కి కొంత వెసులుబాటు ఉంది. కనీసం ఒకరిని ముందే పేరు పెట్టి ట్రైనింగ్ చేయించాలి, ఆ మనిషి ఈవెంటు మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా అక్కడే ఉండాలి. స్టేజీ మీద యాంకరింగ్ చేసే ఆవిడకో, మధ్యలో పిల్లల్ని ఇంటికి దింపాల్సిన ఆయనకో ఆ పని అప్పగించకండి. సర్టిఫికెట్ మూడేళ్ళు పనికొస్తుంది కాబట్టి ఇద్దరు ముగ్గురు చేసి పెట్టుకుంటే మంచిది.

ఇన్సూరెన్స్ కూడా ఈ అమ్మకం మాట చుట్టూనే తిరుగుతుంది. ఈవెంటు పాలసీలో "హోస్ట్ లిక్కర్" ఉందని ధీమాగా ఉంటారు. అది మామూలుగా ఊరికే పోసేవాళ్ళకి వర్తించేది. డబ్బు తీసుకుంటే, లైసెన్సు అవసరమైతే "లిక్కర్ లయబిలిటీ" అనే వేరే కవరేజీ కావాలి. డబ్బా పెట్టిన రాత్రి తాగిన అతిథి దారిలో యాక్సిడెంట్ చేస్తే, ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అడిగేది ఆ డబ్బా గురించే.

అపోహ: బ్రూవరీ వాళ్ళు స్పాన్సర్ చేస్తున్నారు, వాళ్ళకి లైసెన్సు ఉంది, అది మాకూ సరిపోతుంది.

వాస్తవం: వాళ్ళ లైసెన్సు వాళ్ళ చోటుకి. మన చుట్టుపక్కల చిన్న బ్రూవరీలకి ఎక్కువగా ఉండేది టైప్ 23, ఏడాదికి 60,000 బ్యారెళ్ళ లోపు తయారుచేసేవాళ్ళది. వాళ్ళ ట్యాప్‌రూమ్‌లో, అంటే బ్రూవరీలోనే ఉండే బారులో, పోసుకోవచ్చు. ఆ లైసెన్సు కెగ్‌తో పాటు వ్యాన్ ఎక్కి మీ హాలుకి రాదు. మీ హాల్లో పోయాలంటే సంఘం పేరు మీద డైలీ లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు ఉన్న నాన్‌ప్రాఫిట్‌కి బీరు తయారీదారు సరుకు ఉచితంగా గానీ తక్కువ ధరకి గానీ ఇవ్వడానికి 25503.9 సెక్షన్ ప్రత్యేకంగా వీలు కల్పించింది. ఆ వీలుని వాడుకోండి. నేను బ్రూవరీలో ఉన్నప్పుడు డొనేషన్ కోసం వచ్చిన ఈమెయిళ్ళలో లైసెన్సు కాపీ జత చేసినవాళ్ళకి ముందు సరుకు పంపేదాన్ని. జత చేయనివాళ్ళకి అడుగుతూ మూడు ఈమెయిళ్ళు రాసేలోపు వాళ్ళ పండగే అయిపోయేది.

సరుకు సంగతి తేలిక. స్పాన్సర్‌షిప్ డబ్బు దగ్గరే జాగ్రత్త. అమెరికాలో మద్యనిషేధానికి ముందు బ్రూవరీలే సెలూన్లకి, అంటే అప్పటి బార్లకి, పెట్టుబడి పెట్టి, మా బీరు తప్ప వేరేది అమ్మకూడదని కట్టేసేవి. 1933లో నిషేధం ఎత్తేశాక, ఆ పరిస్థితి మళ్ళీ రాకుండా తయారీదారుకీ, జనానికి అమ్మే రిటైలర్‌కీ మధ్య రాష్ట్రాలు గోడ కట్టాయి. టైడ్ హౌస్ చట్టం అంటే అదే. దాని ప్రకారం తయారీదారు రిటైలర్‌కి విలువైనదేదీ ఇవ్వకూడదు, మినహాయింపులు చట్టంలో రాసినవే. మీ ఈవెంటు ఒక రెస్టారెంట్లో జరిగి, వాళ్ళ లైసెన్సు మీదే బారు నడుస్తోందనుకోండి. బ్రూవరీ ఇచ్చిన స్పాన్సర్ డబ్బుతో హాలు అద్దె కట్టారంటే, ఆ డబ్బు మీ ఖాతా మీదుగా రిటైలర్‌కి చేరినట్టే. "మీ బీరొక్కటే పెడతాం, ఇంకెవరిదీ పెట్టం" అని ఒప్పందంలో రాసివ్వడం ఇంకా ప్రమాదం. మన వాళ్ళు స్పాన్సర్‌కి మర్యాద చేస్తున్నామనుకుని ఇది రాసేస్తారు. రాయకండి.

ఫ్లయర్ మీద పేర్లకి కూడా ఈ గోడ అడ్డమొస్తుంది. 2014లో శాక్రమెంటోలో ఒక వైన్ ఈవెంటుకి ఒక కిరాణా చైన్ స్పాన్సర్. ఆ ఈవెంటుకి రమ్మని కొన్ని వైనరీలు ట్వీట్లు పెట్టాయి. కిరాణా చైన్ రిటైలర్ కాబట్టి, తయారీదారులు రిటైలర్‌కి ఉచితంగా ప్రచారం చేసినట్టని ఏబీసీ వాటి మీద చర్య తీసుకుంది. తర్వాత చట్టం కొంత సడలింది. అయినా మీ ఫ్లయర్ మీద బ్రూవరీ లోగో పక్కనే గ్రోసరీ షాపు లోగో, రెస్టారెంట్ లోగో పెట్టి, దాన్ని షేర్ చేయమని బ్రూవరీ వాళ్ళని అడిగేముందు ఏబీసీ ఆఫీసుకి ఒక ఫోన్ చేయండి. అడిగితే చెప్తారు. ఇన్నేళ్ళలో ముందే అడిగినందుకు ఎవరి మీదా వాళ్ళు విసుక్కోవడం నేను చూడలేదు.

మిగతావి గబగబా చెప్తాను.

బ్రూవరీలోనే పార్టీ పెట్టుకుంటే అన్నీ వాళ్ళే చూసుకుంటారా? బీరు వరకు అవును. కారు డిక్కీలోంచి విస్కీ తేవడం మాత్రం వద్దు. బీరు లైసెన్సు ఉన్న చోట వేరే మద్యం ఉండటమే 25607 సెక్షన్ ప్రకారం తప్పు. మీ ఒక్క సీసాకి వాళ్ళ లైసెన్సు ఇరకాటంలో పడుతుంది.

ఈవెంట్ కంపెనీలు డైలీ లైసెన్సు తీసుకోలేవు. లాభం కోసం నడిచే ఎల్ఎల్‌సీ అయితే కేటరింగ్ పర్మిట్ ఉన్న లైసెన్సీని పెట్టుకోవాలి. మీ సంఘం పేరు వాడుకుంటామని ఎవరైనా ప్రమోటర్ అడిగితే ఇవ్వకండి. ఆ అమ్మకాల డబ్బు సంఘానికే రావాలి, ఏదైనా జరిగితే బాధ్యతా సంఘానిదే.

స్కూలు ఆడిటోరియంలో "ఎవరి సీసా వాళ్ళు" పద్ధతి కుదరదు. ప్రభుత్వ బడి ఆవరణలో మద్యం, చట్టంలో రాసిన కొన్ని మినహాయింపులు తప్ప, నేరమే. పార్కులకి ఏ ఊరి నియమం ఆ ఊరిది, సిటీని అడగండి.

పిల్లలుంటే పర్మిట్ ఇవ్వరన్నది వట్టి మాట. 21 దాటినవాళ్ళకి రిస్ట్‌బ్యాండ్ వేసి, పోసే చోటు వేరుచేస్తే సరిపోతుంది. "నా కొడుకే, నేనే ఇచ్చా" అన్న తండ్రి మాట మాత్రం చెల్లదు.

అమ్మానాన్నలు వయసు చూపించడానికి ఇండియన్ పాస్‌పోర్టు పనికొస్తుంది. ఆధార్ కార్డు పనికిరాదు. డెబ్బై ఏళ్ళ పెద్దాయన్ని ఐడీ అడగాలా అని వాలంటీర్లు మొహమాటపడతారు. చూడగానే పెద్దవారని తెలిసేవాళ్ళని వదిలేయండి, ఇరవైల్లో ఉన్నవాళ్ళని మాత్రం ఒక్కరినీ వదలకండి.

ఇంట్లో కాచిన బీరు ఫెడరల్ చట్టం ప్రకారం ఏడాదికి ఇంట్లో వయోజనులు ఒక్కరే ఉంటే 100 గ్యాలన్లు, ఇద్దరో అంతకన్నా ఎక్కువో ఉంటే 200 వరకు మీ కోసం చేసుకోవచ్చు. అమ్మకూడదు. కాకపోతే డైలీ లైసెన్సు ఉన్న నాన్‌ప్రాఫిట్‌కి విరాళంగా ఇస్తే, వాళ్ళ ఫండ్‌రైజర్‌లో వాళ్ళు అమ్మడానికి కాలిఫోర్నియా చట్టం షరతులతో వీలిస్తుంది.

టికెట్ మొత్తం పన్ను మినహాయింపుకి వస్తుందని ఫ్లయర్ మీద వేయకండి. 100 డాలర్ల టికెట్‌లో 60 డాలర్ల భోజనం, మందు ఉంటే, మినహాయింపు 40కే. కట్టింది 75 డాలర్లు దాటితే ఆ లెక్క సంఘమే రాసివ్వాలి.

ఎలక్షన్ రోజు, గాంధీ జయంతి రోజు డ్రై డే ఇక్కడ లేదు. హైదరాబాద్ అలవాటుతో అడుగుతారు. అమ్మకూడని వేళలు మాత్రం ఉన్నాయి: రాత్రి 2 నుంచి ఉదయం 6 వరకు. హాలు వాళ్ళ వేళలు దానికన్నా ముందే ముగుస్తాయి, అవే పాటించండి.

ఆ ట్రెజరర్ మరుసటి ఏడు పదవిలోంచి తప్పుకుంటానన్నాడు. సంఘం వాళ్ళు ఒప్పుకోలేదు. ఈసారి వేరే ఊళ్ళో వేరే హాలు. రెండు నెలల ముందే ఏబీసీ-221 పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు, హాలు యజమాని సంతకంతో సహా. ఆర్‌బీఎస్ తనే చేశాడు, వాళ్ళావిడ కూడా చేసింది. ఈవెంటు సాయంత్రం నేను వెళ్ళేసరికి బల్ల వెనక గోడకి లైసెన్సు అంటించి ఉంది, నాలుగు మూలలా టేపు, ఊడిపోకుండా మీద ఇంకో పొర. బల్ల కింద అదే స్టీలు డబ్బా, ఖాళీగా.

"అక్కా, ఇప్పుడు పెట్టొచ్చా?" అని అడిగాడు.

"లైసెన్సుందిగా, పెట్టు" అన్నాను. డబ్బా తీసి బల్ల మీద పెట్టి, తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాడు: బీరు, 6 డాలర్లు.