కాగితపు బొమ్మలకు బూజు: మైలుతుత్తం జోలికి వెళ్ళకండి (అపోహలు - వాస్తవాలు)

వానాకాలం వచ్చిందంటే చాలు, వినాయక చవితికి పేపర్ మాషే (జిగురులో ముంచిన కాగితం ముక్కలను పొరలుగా అతికి చేసే) బొమ్మలు, స్కూలుకు మాస్కులు చేసేవాళ్ళంతా ఒకటే అడుగుతారు: "మైదా జిగురులో మైలుతుత్తం ఎంత వెయ్యాలి?" మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, చిటికెడు కూడా వెయ్యకూడదు.

అపోహ: మైలుతుత్తం కలపకపోతే మైదా జిగురుతో చేసిన ప్రతిదానికీ బూజు పడుతుంది.

పుస్తకాలు బైండింగు చేసేవాళ్ళు పురుగు పట్టకుండా పిండి జిగురులో ఈ నీలం పలుకులు కలిపేవారు. ఆ అలవాటే ఇళ్ళలోకి వచ్చింది. తోటలకు కొట్టే బోర్డో మిశ్రమానికి కూడా ఇదే వాడతారు కాబట్టి ఎరువుల కొట్టులో సులువుగా దొరుకుతుంది. బూజును చంపే మాట నిజమే. కానీ మింగితే అది విషం. గొంతు, కడుపు మండుతాయి, వాంతులవుతాయి, ఎక్కువ పోతే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. వంటగిన్నెలో ఉడికించి, చేత్తో పులిమి, అదే చేతిని పిల్లలు నోట్లో పెట్టుకునే పనిలో దానికి చోటు లేదు.

ఇప్పటికే కలిపేసి ఉంటే ఆ జిగురు పారేయండి, ఆ గిన్నెను మళ్ళీ వంటకు వాడకండి. పిల్లలు మింగారని అనుమానం వస్తే నోరు కడిగించి, మైలుతుత్తం పొట్లంతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. బలవంతంగా వాంతి చేయించకండి. ఉడికించిన మైదా, నీళ్ళు మాత్రమే ఉన్న జిగురు కాస్త నాకారని మాత్రం కంగారు పడక్కర్లేదు.

వాస్తవం: బూజు పెరగాలంటే తడి కావాలి. నిజంగా ఆరిన కాగితం, ఆరిన పిండి మీద అది పెరగదు. బొమ్మకు బూజు పట్టిందంటే లోపల తడి మిగిలిపోయిందన్నమాట. అది ఎక్కువగా మూడు చోట్ల మిగులుతుంది.

మొదటిది జిగురు ఎక్కువ కావడం. గట్టిదనం ఇచ్చేది కాగితంలోని పీచు. జిగురు దాన్ని పట్టి ఉంచుతుంది, అంతే. ఒక గ్లాసు మైదాను ఒక గ్లాసు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న నాలుగు గ్లాసుల నీళ్ళలో పోస్తూ తిప్పండి. సన్న సెగ మీద నాలుగైదు నిమిషాలకు తెలుపు తగ్గి మెరుపు వస్తుంది. అప్పుడే పిండి ఉడికినట్టు. చల్లారాక పలచని దోసె పిండిలా జారాలి. రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున చింపిన న్యూస్‌పేపర్ ముక్కను ముంచి, రెండు వేళ్ళ మధ్య లాగి అదనపు జిగురు గిన్నెలోకే దించెయ్యాలి. కత్తిరించిన అంచు కంటే చింపిన అంచు బాగా కలిసిపోతుంది.

రెండోది పొరలు. ఒక్క విడతలో మూడు పొరలకు మించొద్దు, ఒకటి నిలువుగా వేస్తే తర్వాతది అడ్డంగా. ఎండాకాలంలో ఒక రోజులో ఆరేది, ముసురు పట్టిన రోజుల్లో రెండు మూడు రోజులు పట్టవచ్చు. బోర్లించిన జల్లెడ మీద పెట్టి, ఫ్యాను కింద ఉంచి, పూటకోసారి తిప్పండి. బెలూన్ మీద చేస్తుంటే ఎర్రటి ఎండలో పెట్టకండి. లోపలి గాలి వ్యాకోచించి తడి పొరలు చీలతాయి, చల్లబడ్డాక ముడతలు పడతాయి. మొదటి మూడు పొరలు బిగుసుకోగానే బెలూన్ తీసేయాలి. అది ఉన్నంతసేపూ లోపలి వైపుకు గాలి తగలదు, బూజు మొదలయ్యేది కూడా ఎక్కువగా అక్కడే.

మూడోది తొందరపడి రంగు వెయ్యడం. పైన ఆరినట్టు కనిపించేసరికి రంగు, దానిపైన వార్నిష్ వేస్తారు. లోపలి తడికి దారి మూసుకుపోతుంది. చెంపకు ఆనిస్తే చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. ఇంతకంటే నమ్మకమైనది వంటింటి కాటా: పన్నెండు గంటల తేడాతో రెండుసార్లు తూచండి. బరువు తగ్గడం ఆగాకే రంగు డబ్బా మూత తియ్యండి.

మిగిలిన జిగురు ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటుంది. పులిసిన వాసన వస్తే పారబోయండి. నాలుగైదు చుక్కల లవంగ నూనె వేస్తే కాస్త ఆలస్యంగా చెడుతుంది, కానీ ఆరబెట్టే పని తప్పదు. రంగు వెయ్యని బొమ్మ మీద పైపైన బూజు కనిపిస్తే, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆరుబయట వెనిగర్‌తో తుడిచి ఎండబెట్టండి. నొక్కితే మెత్తగా దిగితే ఆ భాగం కోసి తీసెయ్యాల్సిందే.

మిగతావి చకచకా.

అపోహ: మందు కలపని జిగురు బొమ్మలకు పనికిరాదు. చేర్యాల మాస్కులు చింతగింజల జిగురు, రంపపు పొట్టుతోనే చేస్తారు. కొండపల్లి బొమ్మల భాగాలను అతికే మక్కు కూడా చింతగింజల పొడి, రంపపు పొట్టే. ఇంట్లో చెయ్యాలంటే గింజలు వేయించి, నల్ల తొక్క తీసి, రాత్రంతా నానబెట్టి, రుబ్బి ఉడికించాలి. ఉడక్కపోతే బంక రాదు. శ్రమ ఎక్కువే, పట్టు మాత్రం చాలా బాగుంటుంది.

అపోహ: ఉప్పు ఎక్కువేస్తే బూజు రాదు. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది. కాకినాడ, విశాఖ లాంటి చోట్ల ఆరిన మాస్కు కూడా మళ్ళీ చెమ్మగిల్లుతుంది. రంగు మీద తెల్లటి పొర తేలుతుంది.

అపోహ: నిగనిగలాడే మ్యాగజైన్ కాగితం గట్టిగా ఉంటుంది. పై పూత వల్ల జిగురు లోపలికి ఇంకదు, పొరలు లేచిపోతాయి.

అపోహ: పసుపు, బీట్‌రూట్ రంగులు నిలిచిపోతాయి. పసుపు ఎండకు వెలిసిపోతుంది, సున్నం తగిలితే పారాణిలా ఎర్రబడుతుంది. బీట్‌రూట్ రంగు గోధుమ రంగులోకి తిరుగుతుంది. పండగ రోజు వరకైతే ఇవి చాలు. ఏడాది పొడవునా అలమరలో ఉంచే బొమ్మకు పోస్టర్ రంగులు కొనుక్కోండి.