టియర్‌డ్రాప్ ట్రైలర్ బరువు తగ్గించడం: అపోహలు - వాస్తవాలు

కారు వెనుక తగిలించి లాక్కెళ్లే, కన్నీటి బొట్టు ఆకారపు చిన్న పడక బండి టియర్‌డ్రాప్ ట్రైలర్. దాన్ని సొంతంగా కట్టుకునేవారికి నక్షా దశలో సలహా ఇవ్వడం, కట్టినవాటిని సరిచేయడం నా పని. ఇద్దరు పడుకునే చోటు, వెనుక చిన్న వంటగది తప్ప ఇంకేమీ లేని బండి చిన్న కారు లాగలేనంత బరువు ఎలా అవుతుందని చాలామంది ఆశ్చర్యపోతారు. విప్పి చూస్తే పెద్ద తప్పేమీ కనిపించదు. ఎందుకైనా మంచిదని ప్రతిచోటా వేసుకుంటూ పోయిన అదనమే కనిపిస్తుంది. ఆ అదనానికి ఊతమిచ్చే నమ్మకాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: ఉక్కు చట్రానికి బదులు అల్యూమినియం వేస్తే బరువు మూడో వంతుకు పడిపోతుంది.

సాంద్రత చూస్తే అలాగే అనిపిస్తుంది. ఘనపు మీటరు ఉక్కు 7,850 కిలోలు, అల్యూమినియం 2,700. కానీ ఒకే కొలత గొట్టం మీద ఒకే బరువు వేస్తే అల్యూమినియం దాదాపు మూడు రెట్లు ఎక్కువ వంగుతుంది. ఆ వంపును ఆపాలంటే ఇంకా లోతైన, మందమైన గొట్టం వాడాలి. ఆదాలో చాలా భాగం అక్కడే కరిగిపోతుంది. పైగా చట్రాలకు తరచుగా వాడే 6061-టీ6 రకం అల్యూమినియాన్ని వెల్డింగ్ చేస్తే, అతుకు పక్కన వేడి తగిలినంత మేరా బలం బాగా తగ్గుతుంది. ట్రైలర్‌లో కుదుపులన్నీ చేరేది ఆ అతుకుల దగ్గరకే.

నేనైతే ఉక్కునే ఉంచి, గొట్టం మందం తగ్గించమంటాను. 50 మి.మీ. చదరపు గొట్టం 3 మి.మీ. మందంలో మీటరుకు సుమారు 4.3 కిలోలు తూగుతుంది, 2 మి.మీ.లో 3 కిలోలు. 2.4 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు ఉన్న చట్రానికి అడ్డకమ్మీలతో కలిపి తొమ్మిది మీటర్లకు పైగా గొట్టం పడుతుంది. అంటే 12 కిలోలు తగ్గినట్టే. కారుకు తగిలించే ముందువైపు దూలాన్ని మాత్రం పలచన చేయవద్దు. అది చట్రాన్ని కలిసే చోటే అతి ఎక్కువ ఒత్తిడి పడుతుంది. స్ప్రింగుల బ్రాకెట్లు వెల్డ్ చేసే చోట కూడా అదనపు ప్లేటు వేయాల్సిందే.

అపోహ: గోడ ఎంత మందమైన ప్లైవుడ్ అయితే అంత గట్టి.

ఎక్కువ బరువు వచ్చి చేరేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 2.44 × 1.22 మీటర్ల 18 మి.మీ. బర్చ్ ప్లైవుడ్ షీటు దాదాపు 36 కిలోలు. రెండు పక్క గోడలకు రెండు షీట్లు. నేలకు, అరలకు కూడా అదే మందం వాడితే ఇక చెప్పనక్కర్లేదు.

పలక వంగినప్పుడు భారం మోసేది పై పొర, కింది పొర. మధ్యలో ఉన్న చెక్క చేసే పని చాలా తక్కువ. కాబట్టి ఆ మధ్య చెక్కను తీసేసి 25 మి.మీ. పాలీస్టైరీన్ ఫోమ్ (థర్మోకోల్ లాంటిది) బోర్డు పెట్టి, రెండు వైపులా 3 మి.మీ. ప్లైవుడ్ అతికిస్తే చదరపు మీటరుకు జిగురు, అంచు కర్రలతో కలిపి 6 కిలోల పైచిలుకు వస్తుంది. 18 మి.మీ. ప్లైవుడ్ అయితే 12 కిలోలు. సగం బరువుకే వంపును అంతకంటే బాగా తట్టుకునే గోడ వస్తుంది. ఎండకూ చలికీ అడ్డు కూడా అదే.

అయితే ఈ గోడ ముందుచూపు కోరుతుంది. ఫోమ్‌లో స్క్రూ నిలవదు. తలుపు బందులు, అరలు, దీపాలు, వెనుక మూత కీలు ఎక్కడ వస్తాయో ముందే గుర్తించి, ఆ చోట్ల ఫోమ్ కోసి చెక్క ముక్కలు కూర్చాకే పై పొర మూయాలి. మూసే ముందు కొలతలతో సహా ఫోటో తీసి ఉంచుకోండి, తర్వాత ఎంతో పనికొస్తుంది. జిగురు విషయంలోనూ జాగ్రత్త: కొన్ని కాంటాక్ట్ జిగురుల్లోని ద్రావకం పాలీస్టైరీన్‌ను తినేస్తుంది. పాలీయురేథేన్ జిగురు నమ్మదగినది. ఆరేవరకు పలక మొత్తం మీద సమంగా బరువు పెట్టాలి. ఆరాక వేలి కణుపుతో అంగుళం అంగుళం తట్టి చూడండి. బాగా అతుక్కున్న చోట మొద్దు చప్పుడు వస్తుంది. డొల్లగా మోగిందంటే అక్కడ గాలి ఉంది. ఎండలో ముందుగా ఉబ్బేది ఆ చోటే.

గోడలు ఇప్పటికే నిలబెట్టేసినవారు వాటిని తొలిచే ఆలోచన మానుకోండి. వంటగది అరలను చూడండి. 18 మి.మీ. అరకు బదులు 6 మి.మీ. పలక వేసి, ముందు అంచున 40 మి.మీ. లోతు కర్ర పట్టీ అతికిస్తే గిన్నెల బరువుకు ఏమాత్రం వంగదు.

అపోహ: పైన కప్పే అల్యూమినియం రేకుకు బరువేముంటుంది?

0.8 మి.మీ. రేకు చదరపు మీటరుకు 2.16 కిలోలు. పక్క గోడలు, పైకప్పు కలిపి 10 చదరపు మీటర్లు అనుకుంటే 22 కిలోలకు దగ్గర. రేకుకు బదులు చదరపు మీటరుకు 200 గ్రాముల గ్లాస్ ఫైబర్ బట్టను ఎపాక్సీ అనే గట్టిపడే రెసిన్‌తో ఒక్క పొర వేసి, అదనపు రెసిన్‌ను పలకతో గీసి తీసేస్తే మొత్తం 10 కిలోల లోపే ముగుస్తుంది. రేకు మెరుపే కావాలనుకుంటే అది మీ ఇష్టం, కానీ ఆ బరువును లెక్కలో రాసుకోండి.

అపోహ: ఇరుసు సామర్థ్యం ఎంత ఎక్కువుంటే అంత భద్రత.

500 కిలోల బండి కింద 1,500 కిలోల ఇరుసు వేస్తే దాని గట్టి స్ప్రింగులు కదలనే కదలవు. గతుకుల దెబ్బంతా నేరుగా గోడల అతుకులకు, సొరుగులకు చేరుతుంది. స్క్రూలు వదులవుతాయి, వాటిని బిగించడానికి యజమాని మరిన్ని కోణపు ప్లేట్లు వేస్తాడు, బరువు మళ్లీ పెరుగుతుంది. పూర్తి సామానుతో వచ్చే బరువుకు కొద్దిగా పైన ఉండే ఇరుసు చాలు.

అపోహ: బరువు తగ్గితే ఇంధనం ఖర్చు కూడా అంతే శాతం తగ్గుతుంది.

బయలుదేరేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు, బ్రేకు వేసేటప్పుడు బరువు తగ్గిన ప్రయోజనం బాగా తెలుస్తుంది. చదును దారిలో వేగంగా పోయేటప్పుడు ఎక్కువ శక్తి గాలిని చీల్చడానికే పోతుంది. గాలి నిరోధం వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. బండి తేలికైనంత మాత్రాన అది తగ్గదు.

అపోహ: బరువు ఎక్కడ తగ్గించినా మంచిదే.

అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. కారు కొక్కెం మీద పడే బరువు సాధారణంగా ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. కారు తయారీదారు చెప్పిన పరిమితిని దాటకూడదు. మరీ తగ్గితే వేగంలో ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది, ఆ ఊపు కారును కూడా లాగేస్తుంది.

ఒక లెక్క చూడండి. 500 కిలోల ట్రైలర్, కొక్కెం మీద 60 కిలోలు, అంటే 12 శాతం. కొక్కెం నుంచి ఇరుసుకు 2.5 మీటర్లు. ఇరుసుకు 2 మీటర్ల ముందు పెట్టెలో 28 కిలోల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంది. దాన్ని తీసి 12 కిలోల లిథియం బ్యాటరీ పెట్టారు. 16 కిలోలు తగ్గాయి, సంతోషమే. కానీ కొక్కెం మీద దాదాపు 13 కిలోలు (16 × 2 ÷ 2.5) తగ్గి 47 మిగిలాయి. 484 కిలోల బండికి అది 10 శాతం కూడా కాదు. అదే వెనుక వంటగదిలో, ఇరుసుకు 1.2 మీటర్ల వెనుక 10 కిలోలు తగ్గిస్తే కొక్కెం మీద దాదాపు 5 కిలోలు పెరుగుతాయి. అందుకే బరువు తగ్గించే పని వంటగది నుంచి మొదలుపెట్టమంటాను. మందమైన అరలు, చెక్క తలుపులు, జత కిలోకు పైనే తూగే సొరుగు ఛానళ్లు అన్నీ అక్కడే ఉంటాయి. తలుపుకు బదులు బట్ట తెర, ఛానళ్లకు బదులు మైనం రాసిన కర్ర పట్టీలు చక్కగా పనిచేస్తాయి.

నీళ్ల ట్యాంకును ఇరుసు మీదకు తేవడం మరచిపోకండి. 40 లీటర్ల ట్యాంకు వెనుక అదే 1.2 మీటర్ల దూరంలో ఉంటే, నింపినప్పుడు కొక్కెం మీద 19 కిలోలు తగ్గుతాయి, ఖాళీ అయ్యాక మళ్లీ వచ్చి పడతాయి.

కొక్కెం బరువు చూడటానికి వేబ్రిడ్జి అక్కర్లేదు. బరువు చూసుకునే మామూలు యంత్రాన్ని గట్టి నేల మీద పెట్టి, కారుకు తగిలించే ఎత్తు వచ్చేలా దాని మీద కర్ర దిమ్మె నిలబెట్టి, ట్రైలర్ చక్రాలకు ఆపులు పెట్టి, ముందు భాగాన్ని దిమ్మె మీదకు దించండి. పరుపు, గ్యాసు, గిన్నెలు, బట్టలు అన్నీ ప్రయాణానికి సర్దినట్టే సర్ది చూడండి. ఒకసారి నీళ్లు నింపి, ఒకసారి ఖాళీగా.