గ్లూవైన్ కాచడమంటే మరిగించడం కాదు: అపోహలు - వాస్తవాలు

జర్మనీలో క్రిస్మస్ సంతలు మొదలైతే నా పని గ్లూవైన్ గిన్నె పక్కనే. ఇక్కడ మసాలా వేసి కాచిన వేడి వైన్‌ని అలా అంటారు. చదువుకోవడానికి కొత్తగా వచ్చిన మన పిల్లలు దుకాణం దగ్గర తెలుగు వినిపిస్తే ఆగిపోతారు. "అన్నా, ఇంట్లో ఎలా కాచాలి?" అని అడిగి వెళ్తారు. వారం తిరక్కుండా ఫోన్ చేస్తారు, చేదొచ్చిందని.

అపోహ: బాగా మరిగితేనే మసాలా సారం దిగుతుంది.

మరగాల్సింది మసాలా, వైన్ కాదు. చేదుకి ముఖ్య కారణం ఈ తేడా తెలియకపోవడమే. ముందు అర గ్లాసు నీళ్లలో పంచదార, మసాలా దినుసులు వేసి పది నిమిషాలు మరిగించి పాకంలా చేయండి. మంట తగ్గించి, అప్పుడు వైన్ పోయండి. ఆల్కహాల్ 78 డిగ్రీలకు మరుగుతుంది కాబట్టి 70 దగ్గర ఆపడం నా అలవాటు. థర్మామీటర్ లేకపోతే పైన ఆవిరి కనిపించాలి, బుడగలు రాకూడదు. చారైతే పొంగు వచ్చాక దించుతాం, దీన్ని పొంగు దాకా రానివ్వకూడదు. అన్నట్టు, గ్లూవైన్ పేరుతో అమ్మేదాంట్లో తీపి కలపడానికి అవసరమైనంత తప్ప నీళ్లు పోయకూడదని ఐరోపా సమాఖ్య నిబంధన. ఇంట్లో అడిగేవాళ్లెవరూ లేరు. నీళ్లు ఇష్టం లేకపోతే నారింజ రసం పోయండి.

అపోహ: కాస్తే మందు ఎగిరిపోతుంది, పిల్లలకీ ఇవ్వొచ్చు.

ఇది మాత్రం ప్రమాదకరమైన మాట. వంటలో ఎంత ఆల్కహాల్ మిగులుతుందో అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక వేసింది. 15 నిమిషాలు సన్నగా ఉడికించినా దాదాపు 40 శాతం, అరగంటకి 35 శాతం మిగిలే ఉంటుంది. మనం ఉడికించను కూడా ఉడికించం, కాబట్టి ఇంకా ఎక్కువే ఉంటుంది. ఇందాక చెప్పిన ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారమే గ్లూవైన్‌లో కనీసం 7 శాతం ఆల్కహాల్ ఉండాలి. పైగా తీపిగా, వెచ్చగా ఉండేసరికి గటగటా తాగేస్తారు. తాగి బండి తీయొద్దు. పిల్లలకు ఇక్కడ కిండర్‌పున్ష్ అని ఆల్కహాల్ లేని పానీయం వేరే ఉంది. ఇంట్లోనైతే ద్రాక్షరసం, యాపిల్ రసం కలిపి అదే మసాలాతో కాచి ఇవ్వండి.

అపోహ: బిర్యానీకి వేసినట్టు మసాలా దండిగా వేయాలి.

మొదటిసారి నేనూ అదే చేశాను. ఒక్క సీసాకి పదిహేను లవంగాలు వేశాను. రెండు గుక్కలకే నాలుక మొద్దుబారింది, పంటినొప్పికి లవంగ నూనె పెట్టుకున్నట్టు! 750 మిల్లీలీటర్ల సీసాకి నాలుగు లవంగాలు, ఒక దాల్చిన చెక్క, ఒక అనాసపువ్వు, రెండు యాలకులు, మూడు చెంచాల పంచదార చాలు. పొడులు వద్దు, అడుగున బురదలా మిగులుతాయి. గరం మసాలా గురించి అడగనే అడగొద్దు. నారింజ తొక్కలో పైపైన రంగున్న పొర మాత్రమే గీసి వేయండి. లోపలి తెల్లటి పొర పడితే మళ్లీ చేదే.

ఖరీదైన వైన్ వాడాలా? అక్కర్లేదు. ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచిన దాని సొగసు మసాలాలో కనిపించకుండా పోతుంది, డబ్బు దండగ. అలాగని పులిసిన సీసాని ఇలా కాచి బాగుచేయొచ్చనుకోకండి, వెనిగర్ వాసన వేడికి ఇంకా లేస్తుంది. వగరు తక్కువగా, పండు రుచి ఎక్కువగా ఉన్న మామూలు ఎర్ర వైన్ తీసుకోండి. ఇక్కడైతే నేను డోర్న్‌ఫెల్డర్ అనే జర్మన్ ద్రాక్ష రకంతో చేసిన ఎర్ర వైన్ వాడతాను. తెల్ల వైన్‌తోనూ చేస్తారు.

గిన్నె విషయం అమ్మమ్మలకు తెలిసిందే. పులుసుకి పనికిరాని గిన్నె దీనికీ పనికిరాదు. సత్తు గిన్నె, కళాయి లేని ఇత్తడి గిన్నె పక్కన పెట్టి స్టీలు గిన్నె తీయండి.

అపోహ: చలికి మందు, జలుబుకి మందు.

తాగగానే వెచ్చగా అనిపించే మాట నిజమే. ఆల్కహాల్‌కి చర్మం కింది రక్తనాళాలు వెడల్పై, లోపలి వేడి చర్మం దాకా వచ్చి బయటికి పోతుంది. అంటే ఒళ్లు నిజానికి చల్లబడుతుంది. సంతలో రెండు కప్పులు తాగి కోటు విప్పేసేవాళ్లని చూస్తే నాకు టెన్షన్. జలుబుకి మిరియాల చారు తాగండి.

మిగిలితే మసాలా అంతా వడకట్టి తీసేసి ఫ్రిజ్‌లో పెట్టండి. లవంగాలు అందులోనే ఉంటే రాత్రంతా ఊరి, పొద్దునకి ఆ పదిహేను లవంగాల రుచే వస్తుంది.