గాలివాన ముందు ఇంటి కరెంటు: గట్టిగా నమ్మే అపోహలు, అసలు వాస్తవాలు

ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం, వడగళ్లు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కుండపోతలు. అక్టోబర్‌లో బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే దాని ప్రతాపం. హైదరాబాద్ ఇళ్లకు పరీక్ష పెట్టే వానలు ఇవే. నేను ఈ ఊళ్లో ఇళ్లకు, చిన్న అపార్ట్‌మెంట్లకు కరెంటు పని చేస్తాను. గాలివాన వస్తుందనగానే జనం కొవ్వొత్తుల గురించి, పవర్‌బ్యాంకు గురించి, కొత్త ఇన్వర్టర్ బ్యాటరీ గురించి అడుగుతారు. అవన్నీ ఉండాల్సినవే. కానీ ఏది ఎలా ఆపాలి, ఆపాక అది నిజంగా ఆగిందా లేదా అని అడిగేవాళ్లు తక్కువ. వానాకాలంలో కరెంటు ప్రమాదాలు ఎక్కువగా జరిగేది అక్కడే. అందుకే పనిలో తరచూ వినే మాటలు కొన్ని తీసుకుని రాస్తున్నాను.

అపోహ: మెయిన్ దించేశాం, ఇక ఇంట్లో కరెంటు లేనట్టే

"మెయిన్ దించేసినం కదన్నా, ఇంకేం భయం?" సెల్లార్‌లో నీళ్లు చేరిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ మాట అంటారు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ దించగానే ఏం జరుగుతుందో చూడండి. ఇన్వర్టర్ లెక్కలో బయట కరెంటు పోయింది. వెంటనే బ్యాటరీ నుంచి 230 వోల్టులు తయారుచేసి ఫ్యాన్లకు, లైట్లకు పంపడం మొదలుపెడుతుంది. దాన్ని కొన్నదే అందుకు. తడిసిన స్విచ్‌బోర్డు మీద చెయ్యి పడితే అది కూడా బయటి కరెంటు లాగే కొడుతుంది.

పోనీ, మెయిన్ వదిలేసి ఇన్వర్టర్ ముందున్న స్విచ్ ఒక్కటే ఆపితే? అప్పుడూ లాభం లేదు. బయటి కరెంటు ఇన్వర్టర్ గుండా నేరుగా ఇంట్లోకి వస్తూనే ఉంటుంది. కాబట్టి రెండూ చేయాలి. ముందు మెయిన్ దించాలి, తర్వాత ఇన్వర్టర్ స్విచ్ ఆపాలి, ఆ తర్వాత ఫ్యాన్ తిరుగుతోందో ఆగిందో తలెత్తి చూడాలి. చీకట్లో ఫోన్ లైటు వేసుకుని వెతుక్కుంటూ నేర్చుకునే పని కాదిది. వాన లేని రోజు ఇంట్లో పెద్దవాళ్లతో, ఎదిగిన పిల్లలతో ఒకసారి చేయించండి.

ఇంకో సంగతి. మెయిన్ దించినా మీటరు నుంచి మెయిన్ దాకా ఉన్న వైర్లలో కరెంటు ఉంటుంది. నీళ్లు మీటరు బోర్డు దాకా వచ్చాయంటే ఇక మీరు చేయగలిగింది ఏమీ లేదు. దిగకుండా కరెంటు ఆఫీసు నంబరు 1912కి ఫోన్ చేసి లైను ఆపించాలి. మోకాలి లోతు నీళ్లలో నిలబడి మెయిన్ దించడానికి చెయ్యి చాపడం కన్నా పిచ్చిపని లేదు. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేవాళ్లు ఇన్వర్టర్ ట్రాలీని నేల మీద కాకుండా ఇటుకలతో కట్టిన దిమ్మె మీద పెట్టుకుంటే మంచిది. ట్యూబులర్ బ్యాటరీని నీళ్లొచ్చాక ఎత్తుదామనుకుంటే ఇద్దరి నడుములు పడిపోతాయి.

అపోహ: టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోయాయంటే పిడుగు పడ్డట్టే

పిడుగుకు కాలేవీ ఉంటాయి. ఉరుములు మొదలవగానే ప్లగ్గు పీకేయడం మంచి అలవాటే. టీవీకి కరెంటు వైరుతో పాటు డిష్ వైరు కూడా పీకాలి, చాలామంది దాన్ని వదిలేస్తారు. కానీ గాలివాన వెలిశాక ఒకే వీధిలో నాలుగైదు ఇళ్లలో ఒకేసారి సామాన్లు కాలిపోయాయంటే నేను ముందు అనుమానించేది పిడుగును కాదు, న్యూట్రల్‌ని.

స్తంభం మీద కరెంటు తెచ్చే మూడు ఫేజు వైర్లు, అది తిరిగి వెళ్లే ఒక న్యూట్రల్ వైరు ఉంటాయి. మీ ఇంటికి ఒక ఫేజు, ఎదురింటికి ఇంకో ఫేజు వెళ్తాయి. న్యూట్రల్ మాత్రం అందరికీ ఒకటే. ఫేజుకి, న్యూట్రల్‌కి మధ్య 230, 240 వోల్టులు ఉంటే రెండు ఫేజుల మధ్య 415 దాకా ఉంటుంది. తురాయి కొమ్మ విరిగి లైను మీద పడి న్యూట్రల్ ఒక్కటే తెగిందనుకోండి. కరెంటు ఆగదు. మీ ఇంట్లోంచి ఎదురింటికి, ఎదురింట్లోంచి మీకు దారి చేసుకుంటుంది. రెండిళ్లూ కలిసి ఆ 415 వోల్టులను పంచుకుంటాయి. ఆ పంపకంలో న్యాయం ఉండదు. గీజరు, ఐరన్ బాక్సు వేసుకుని ఎక్కువ లోడు పెట్టినవాళ్లకు తక్కువ వోల్టేజీ వస్తుంది. రెండు ఎల్‌ఈడీ లైట్లు, ఒక టీవీ పెట్టుకుని కూర్చున్నవాళ్ల మీద 350, 380 పడుతుంది. ముందు సెట్‌టాప్ బాక్సు పోతుంది, తర్వాత టీవీ, ఆపైన ఫ్రిజ్.

దీన్ని కళ్లతో పట్టుకోవచ్చు. ఒక లైటు మామూలు కన్నా మరీ తెల్లగా మండుతున్నా, ఫ్యాన్ ఒక్కసారిగా జోరందుకున్నా, లేదంటే మీ ఇంట్లో డిమ్ముగా ఉండి పక్కింట్లో వెలిగిపోతున్నా, ఆలోచించకుండా మెయిన్ దించేయండి. తర్వాత పక్కవాళ్లను కేకేసి వాళ్లతోనూ దింపించండి, ఆ తర్వాతే 1912కి ఫోన్. పోయిన కరెంటు తిరిగి వచ్చినప్పుడు కూడా అన్నీ ఒకేసారి వేసుకోవద్దు. ఒక లైటు వేసి రెండు నిమిషాలు చూసి, తర్వాత ఫ్రిజ్ వేయండి.

"స్టెబిలైజర్ ఉంది కదా" అంటారు. అది ఏసీ ఒక్కదానికే ఉంటుంది. ఇల్లు మొత్తానికి కాపలా కావాలంటే మెయిన్ దగ్గర ఓవర్ వోల్టేజీ, అండర్ వోల్టేజీ చూసి కట్ చేసే ప్రొటెక్టర్ పెట్టించుకోవాలి. డీబీలో, అంటే ఇంటి స్విచ్‌లన్నీ ఉండే డబ్బాలో, ఎంసీబీ (ఎక్కువ లోడు పడితే తనంతట పడిపోయే స్విచ్) పక్కనే పట్టేంత చిన్నది. గాలివాన కోసం ఇంట్లో కొత్తగా ఒక్కటంటే ఒక్కటే పెట్టిస్తామని అడిగితే నేను చెప్పేది దీన్నే, అది కూడా ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకేజీని పట్టి ఆపే స్విచ్) ముందే ఉంటేనే.

అపోహ: ఎంసీబీలు ఉన్నాయి, షాక్ కొట్టదు

ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించి లోడు పడితేనో, షార్ట్ అయితేనో పడిపోతుంది. మనిషి ఒంట్లోంచి అందులో ఐదొందలో వంతు, అంటే 30 మిల్లీ ఆంపియర్ల చుట్టుపక్కల పారినా ప్రాణం మీదికి వస్తుంది. ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. ఆ లీకేజీని పట్టేది ఆర్‌సీసీబీ. పాతవాళ్లు ఈఎల్‌సీబీ అని అడుగుతారు. మీద 'టి' అని రాసిన చిన్న బటన్ ఉంటుంది. నొక్కితే టక్కున పడిపోవాలి. వానాకాలం మొదలయ్యే ముందు ఒకసారి నొక్కి చూడండి. పడలేదంటే అది డబ్బాలో బొమ్మే, మార్పించండి.

నాకు కోపం తెప్పించేది ఇంకోటి ఉంది. వాన పడగానే ఆర్‌సీసీబీ ఊరికే ట్రిప్ అవుతోందని దాన్ని తప్పించి 'డైరెక్ట్' చేయించుకుంటారు. చేసేవాళ్లూ ఉన్నారు. ఊరికే ఎందుకు పడుతుంది? ఎక్కడో తడి తగిలి కరెంటు లీకవుతోందని చెబుతోంది. వెతకడం పెద్ద విద్యేం కాదు. ఎంసీబీలన్నీ దించి, ఆర్‌సీసీబీ ఎత్తి, ఒక్కోటీ వేసుకుంటూ రావాలి. ఏది వేయగానే పడిందో లోపం ఆ లైనులోదే. ఎక్కువగా దొరికేది గేటు పక్కన కాంపౌండ్ వాల్ లైటు, కాలింగ్ బెల్, బాత్‌రూమ్ గీజరు. ఒక్కోసారి ఎంసీబీలన్నీ దించినా నిలవదు. అప్పుడు ఏదో లైనులో న్యూట్రల్ వైరు తడిగోడకో ఎర్త్‌కో తగులుతోందని అర్థం, ఎందుకంటే మామూలు సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజునే ఆపుతుంది, న్యూట్రల్‌ని ఆపదు. అది మీరు వెతికేది కాదు, పనివాణ్ని పిలవాలి.

గేటు లైటు మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క మాట. ఇనుప గేటుకు ఆనుకుని వైరు పోతుంటే ఈ వారమే మార్పించండి. డాబా మీద బట్టలారేసే దండెం ఇనుప తీగైతే విప్పి పారేసి నైలాన్ తాడు కట్టండి. సర్వీసు వైరు రేకుకో తీగకో రాసుకుని పొర లేచిపోతే, తడిబట్ట ఆరేయబోయిన మనిషి తిరిగి రాడు. తెలుగు పేపర్లలో ఏటా ఈ వార్త కనిపిస్తూనే ఉంటుంది.

అపోహ: సబ్‌మెర్సిబుల్ మోటారు కదా, మునిగితే ఏముంది

మోటారు మునగొచ్చు. దాని స్టార్టర్ బాక్సు మునగకూడదు, నీళ్లు చొరకుండా సీల్ చేయని కేబుల్ జాయింటూ మునగకూడదు. స్టార్టర్ నేలకు అడుగున్నర ఎత్తులో బిగించి ఉన్న ఇళ్లు మన కాలనీల్లో చాలా ఉన్నాయి. మనిషి ఛాతీ ఎత్తుకు జరిపించండి. మోటారు వేసి ఉండగా సంపులో ఎవరూ దిగకూడదు, వాచ్‌మన్ అయినా సరే.

వాన సూచన రాగానే ఓవర్‌హెడ్ ట్యాంకు నింపుకోండి. కరెంటు పోతే సంపులో నీళ్లున్నా పైకి ఎక్కవు. ఇంకో లాభం కూడా ఉంది. 1,000 లీటర్ల నీళ్లంటే టన్ను బరువు. నిండిన ప్లాస్టిక్ ట్యాంకును గాలి కదిలించలేదు, ఖాళీదాన్ని మాత్రం డాబా మీంచి దొర్లించేస్తుంది. మురుగునీళ్లు సంపులో కలిశాయని అనుమానం వస్తే ఆ నీళ్లు తోడించి, కడిగించి, బ్లీచింగ్ వేయించాకే మళ్లీ నింపాలి. నీళ్లలో మార్పు కనిపిస్తే వాటర్ బోర్డు నంబరు 155313.

అపోహ: మా ఇల్లు ఎత్తులో ఉంది

కట్టినప్పుడు ఎత్తులోనే ఉండి ఉంటుంది. ఆ తర్వాత రోడ్డు ఎన్నిసార్లు వేశారో గుర్తు చేసుకోండి. పాతది చెక్కకుండా మీద మీదే వేసుకుంటూ పోయిన వీధుల్లో ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లే ఇంట్లోకి ఇప్పుడు ఒక మెట్టు దిగాల్సి వస్తోంది. మీటరు బోర్డు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్లు పడింది. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ వైపు 32 దాకా వచ్చింది. టోలిచౌకి నదీం కాలనీ, ఫలక్‌నుమా దగ్గర అల్ జుబైల్ కాలనీ ఎలా మునిగాయో ఊరంతా చూసింది.

సెంటీమీటర్లంటే చిన్నగా వినిపిస్తుంది కాబట్టి లీటర్లలో చెబుతాను. చదరపు మీటరు మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 200 గజాల స్థలం మీద 10 సెంటీమీటర్లు పడితే 16,700 లీటర్లు, మూడు పెద్ద ట్యాంకర్లకు పైగా. ఇదంతా మీ స్థలం మీద పడిందే, వీధిలోంచి వచ్చేది వేరు. డాబా మీద నీళ్లు దిగే పైపు మూతికి నాలుగు రావి ఆకులు అడ్డుపడితే చాలు, ఆ నీళ్లన్నీ మెట్ల గది మీదుగా డీబీ ఉన్న గోడలోకి దిగుతాయి.

అపోహ: జనరేటర్ ఉంటే ఏ తుపానుకూ భయం లేదు

2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌లో మంచు తుపాను వచ్చి లక్షల ఇళ్లకు కరెంటు పోయినప్పుడు, మనవాళ్ల పిల్లలు డాలస్‌లో, హ్యూస్టన్‌లో చలికి వణుకుతుంటే ఇక్కడ కూకట్‌పల్లిలో తల్లిదండ్రులకు నిద్ర లేదు. అక్కడ చలితో పాటు ప్రాణాలు తీసింది కార్బన్ మోనాక్సైడ్ కూడా. వెచ్చదనం కోసం గ్యారేజీలో కారు ఆన్‌లో ఉంచడం, ఇంట్లో జనరేటర్, బొగ్గుల పొయ్యి పెట్టుకోవడం వల్ల. ఆ వాయువుకు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే పోతారు. మనకు మంచు రాదు గానీ, పెట్రోలు జనరేటర్‌ను బాల్కనీలోనో సెల్లార్‌లోనో పెట్టి తలుపులేసుకునేవాళ్లు ఇక్కడా ఉన్నారు. అది ఆరుబయట, కిటికీలకు దూరంగా ఉండాలి.

రెండు వైపులా పిన్నున్న వైరుతో జనరేటర్‌ను గోడ ప్లగ్గులో పెట్టి ఇల్లంతా నడిపేవాళ్లకు ఒక్క మాట. ఆ కరెంటు మీటరు దాటి లైనులోకి, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎక్కుతుంది. లైను చచ్చిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్‌కు తగిలేది అదే. బయటి లైనును విడదీసి జనరేటర్‌కు మార్చే చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ వద్దు.

అపోహ: పైన సోలార్ ఉంది, కరెంటు పోయినా నడుస్తుంది

నెట్ మీటరింగ్ పెట్టుకున్న మామూలు ఆన్-గ్రిడ్ (బయటి లైనుకు కలిపిన) సోలార్ బయట కరెంటు పోగానే తనంతట తనే ఆగిపోతుంది, అది కూడా లైన్‌మన్ కోసమే. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ అయితే వేరు. ప్యానెళ్ల గాజును 25 మిల్లీమీటర్ల మంచు గుండుతో కొట్టి పరీక్షిస్తారు కాబట్టి మామూలు వడగళ్లకు పగలదు. అంతకన్నా పెద్దవి పడితే పగిలినట్టు కనిపించకపోయినా లోపల చీలికలు రావచ్చు. పగటిపూట ఆ డీసీ వైర్లలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, తడిగుడ్డ పట్టుకుని పైకెళ్లకండి.

అపోహ: తెగిన వైరు మెరవడం లేదు, చచ్చిపోయినట్టే

మెరుపులు, చప్పుడు లేకపోయినా బతికే ఉండొచ్చు. కనీసం 10 మీటర్లు దూరంగా ఉండండి. దగ్గర్లో ఉండిపోతే పెద్ద అంగలు వేయొద్దు, రెండు పాదాలు కలిపి నేలకు రాస్తూ వెనక్కి జరగండి. నేలలో పారే కరెంటుకు రెండు కాళ్ల మధ్య ఎంత దూరం ఉంటే అంత వోల్టేజీ దొరుకుతుంది. కర్రతో నెట్టబోయే హీరోలను ఆపండి.

అపోహ: మునిగిన బోర్డు ఎండలో ఆరితే చాలు

వాననీళ్లలో బురద, ఉప్పు, మురుగు ఉంటాయి. నీళ్లు ఆరిపోతాయి, అవి లోపలే ఉండిపోతాయి. మునిగిన ఎంసీబీలు, ఆర్‌సీసీబీలు, సాకెట్లు మార్చేయాల్సిందే, హెయిర్ డ్రయ్యర్ పెట్టి ఆరబెట్టినా నమ్మొద్దు. మోటారును మాత్రం ఆరబెట్టించి బాగు చేయించుకోవచ్చు. వైరింగ్‌కు, మోటారుకు మళ్లీ సప్లై ఇచ్చే ముందు మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూడాలి. ఒక మెగాఓమ్ కన్నా తక్కువ చూపిస్తే ఇంకా తడి ఉన్నట్టే. వచ్చినవాణ్ని మెగ్గర్ తెచ్చావా అని అడగండి. టెస్టర్ గుచ్చి లైటు వెలిగిందిగా, ఓకే అనేస్తే, ఆ రోజుకు మెయిన్ దించే ఉంచి ఇంకొకరిని పిలవండి.