అత్త ఆపరేషన్ గురించి

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి,
నరసన్నపేట నుంచి తాతయ్య ఆశీస్సులు.

"అత్తకి ముక్కులోంచి మెదడు ఆపరేషనా తాతయ్యా?" అని ఫోన్లో ఏడ్చారు. నిజమే. అంత భయం వద్దు, వివరంగా రాస్తున్నాను.

ముక్కు వెనకాల, మెదడు అడుగున పిట్యూటరీ అనే గ్రంథి ఉంటుంది. బఠానీ గింజంతే. మీరు పొడుగెదిగే హార్మోన్ అక్కడిదే. అత్తకి గడ్డ అందులో వచ్చింది. క్యాన్సర్ కాదు, ఒళ్లంతా పాకదు. మరెందుకు తీయడం అంటారా? సరిగ్గా దాని పైనే రెండు కళ్ల నరాలూ కలుస్తాయి. గడ్డ పెరిగి వాటిని నొక్కితే ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది గానీ అటూ ఇటూ పక్కలు కనిపించవు. సంక్రాంతికి అత్త గుమ్మానికి భుజం కొట్టుకోవడం, పక్కనున్న గ్లాసు తన్నేయడం మీరూ చూశారు కదా. కళ్లజోడు మార్చినా తగ్గలేదు. విశాఖలో డాక్టరు గారు తన ముక్కు వైపే చూడమని, చేతులు చాపి రెండు పక్కలా వేళ్లు కదిపారు. ఆ వేళ్లు బాగా ముందుకొచ్చేదాకా అత్తకి కనబడలేదు. వెంటనే ఎంఆర్ఐ రాశారు.

తల్లికి పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ని ఎక్కువగా వదిలే గడ్డలైతే చాలావరకు మాత్రలకే తగ్గుతాయి. అత్తది ఆ రకం కాదు.

మత్తిస్తారు కాబట్టి ఆపరేషన్లో నొప్పి తెలియదు. సుమారు 4 మిల్లీమీటర్ల మందమున్న ఎండోస్కోపు అనే సన్నటి గొట్టాన్ని ముక్కు రంధ్రంలోంచి పంపి, లోపలంతా తెర మీద చూస్తారు. స్ఫినాయిడ్ సైనస్ అనే గాలి గది దాటితే పల్చటి ఎముక గోడ. దాన్ని కాస్త తొలిచి, గడ్డను కొంచెం కొంచెంగా గీకి తీస్తారు. ముఖం మీద గాటుండదు, పుర్రె పైభాగం తెరవరు. 1907లో ఆస్ట్రియాలో ష్లోఫర్ అనే డాక్టరు మొదటిసారి ఈ దారిన వెళ్లినప్పుడు ముక్కునే కోసి పక్కకు తిప్పాల్సి వచ్చింది. ఎంత దూరం వచ్చామో చూడండి!

రిస్కే లేదని మీకు అబద్ధం చెప్పను. మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోంచి కారవచ్చు. అందుకే ఎముకలో తొలిచిన ఆ రంధ్రాన్ని ముక్కు లోపలి పొరతోనో, ఒంట్లోంచి తీసిన కొవ్వుతోనో మూస్తారు. కొందరికి కొన్నాళ్లు దాహం, ఒంటేలు ఎక్కువవుతాయి. దానికి మందుంది.

ఇంటికొచ్చాక మీ సాయం కావాలి. అత్త వంగకూడదు, బరువులెత్తకూడదు, ముక్కు చీదకూడదు. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మమనండి. ఆవాల పోపు పెట్టేటప్పుడు అవతలి గదిలో కూర్చోబెట్టండి. ముక్కులోంచి నీళ్లలా తేటగా చుక్కలు పడుతుంటే జలుబేలే అనుకోకుండా వెంటనే మావయ్యకి చెప్పండి, రాత్రయినా సరే లేపండి.

మీ తాతయ్య