మాంక్‌కి మఠం ఏది? డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో 50 ఏళ్ల పేచీ

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అంటే బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, తలో పాత్రా పోషిస్తూ ఆడే కథల ఆట. అది ఆడేవాళ్ల మధ్య ఎంతకీ తెగని పేచీ ఒకటుంది. నైట్‌లు, రాతికోటలు, ఎల్ఫ్‌లు, మంత్రగాళ్లు ఉన్న ప్రపంచంలో ఉత్త చేతులతో కుంగ్‌ఫూ చేసే సన్యాసికి, అంటే మాంక్‌కి, ఏం పని? "నా ప్రపంచంలో మాంక్‌లు లేరు" అని ఆట మొదలుకాకముందే తేల్చేసే డంజియన్ మాస్టర్లు (ఆట నడిపించేవాళ్లు) ఇప్పటికీ ఉన్నారు. మాంక్ ఆడదామని ఆశపడి వచ్చినవాళ్లు మొహం వేలాడేసుకుని ఇంకేదో క్లాస్ (పాత్ర రకం) తీసుకుంటారు.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ఈ ఆట తెచ్చినప్పుడు క్లాసులు మూడే: యోధుడు, మంత్రగాడు, క్లెరిక్ (పూజారి). మాంక్ మరుసటి ఏడాది ఆర్నెసన్ పేరుతో వచ్చిన 'బ్లాక్‌మూర్' అనుబంధంలో దిగాడు. క్లెరిక్‌లో ఒక ఉపవర్గంగా చూపించి, యోధుడి లక్షణాలు కొన్ని, దొంగ లక్షణాలు కొన్ని కలిపారు. ఈ క్లాస్ వెనక ఉన్నది కంపెనీలో తన భాగస్వామి బ్రయాన్ బ్లూమ్ ఆలోచన అని గైగాక్స్ తర్వాతి రోజుల్లో చెప్పారు. అప్పటి అమెరికాని చూస్తే ఆశ్చర్యం లేదు. 1972 నుంచి టీవీలో 'కుంగ్‌ఫూ' సీరియల్ నడుస్తోంది, 1973లో బ్రూస్ లీ 'ఎంటర్ ది డ్రాగన్' థియేటర్లను ఊపేసింది. మాంక్ వచ్చింది చైనా నుంచి కాదు, అమెరికా టీవీ పెట్టెలోంచి. కాబట్టి సినిమా హీరో చేసే పనులన్నీ రూల్స్‌గా వచ్చాయి. అతనికి అన్నం పెట్టిన మఠం, చదువు చెప్పిన గురువు, మొక్కే దేవుడు మాత్రం రాలేదు. అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

"యూరప్ మధ్యయుగంలో తూర్పు దేశపు మనిషి ఎందుకు?" అన్న వాదన వినడానికి బాగానే ఉంటుంది కానీ, ఈ ఆట ఎప్పుడూ అచ్చమైన యూరప్ కాదు. 1976 నాటికే మన దేవుళ్లకి బలం ఇంత, ప్రాణం ఇంత అని అంకెలు వేసి ఒక అనుబంధంలో అచ్చేశారు. 1977 నాటి రాక్షసుల పుస్తకంలో మన 'రాక్షస' కూడా ఉన్నాడు. పులి తల, ఒంటి మీద మంచి అంగీ, చేతిలో పొగాకు పైపు! మంత్రించిన క్రాస్‌బో బాణం తగిలితే చస్తాడట. రామాయణం విన్న మనకి ఆ బొమ్మ చూస్తే నవ్వాగదు. అయినా "వీడు మన ప్రపంచానికి సరిపోడు" అని వాడి మీద పెద్ద గొడవేమీ జరగలేదు. చంపాల్సిన రాక్షసుడికి ఊరూ పేరూ అవసరం లేదు మరి. పక్కన కూర్చుని వారం వారం ఆడే పాత్రకి కావాలి.

1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో మాంక్ పేజీలు తెరిస్తే ఈ వెలితి దగ్గర్నుంచి కనిపిస్తుంది. మాంక్ కావాలంటే బలం, వివేకం, చురుకుదనం మూడూ 15కి తగ్గకూడదు, దేహదారుఢ్యం 11 ఉండాలి. మూడు పాచికలు వేసి వచ్చింది వచ్చినట్టు రాసుకునే పాత పద్ధతిలో ఇది సుమారు 2,500 మందిలో ఒకరికి దక్కే యోగం. ఇంతా చేసి, మొదటి లెవెల్లో (అనుభవంలో మొదటి మెట్టు) ఎన్ని దెబ్బలు తట్టుకుంటాడో తేల్చడానికి వేసేది నాలుగు ముఖాల పాచికలు రెండే. కవచం తొడగకూడదు. గోబ్లిన్ లాంటి చిన్న రాక్షసి నాలుగు దెబ్బలు గట్టిగా కొడితే శాల్తీ గల్లంతే. బతికి బట్టకట్టి పైకి వెళ్తే మాత్రం గోడ పక్కన ఎంత ఎత్తు నుంచైనా దూకుతాడు, అరచేతి ప్రకంపనతో మనిషిని చంపేస్తాడు.

అన్నిటికంటే విచిత్రం 8వ లెవెల్ దగ్గర మొదలవుతుంది. ఆ లెవెల్ మాంక్‌లు ముగ్గురే ఉంటారు. ఆపైన ప్రతి లెవెల్‌కీ ఒక్కడే. పైకి ఎక్కాలంటే ఆ కుర్చీలో ఉన్నవాడిని వెతికి పట్టుకుని, ఆయుధం లేకుండా కొట్టి గెలవాలి. ఓడితే ఒక మెట్టు కిందికి. 17వ లెవెల్లో కూర్చున్నాయన బిరుదు 'గ్రాండ్ మాస్టర్ ఆఫ్ ఫ్లవర్స్'. చదవగానే ప్రశ్నలు పుడతాయి. ఈయన ఎక్కడుంటాడు? ఆయన్ని వెతుక్కుంటూ పోయే దారి ఏ రాజ్యం మీదుగా? ఈ పోటీ ఏ దేవుడి సాక్షిగా? ఒక మతశాఖ మొత్తం ఈ ఒక్క రూల్‌లో దాక్కుని ఉంది. పుస్తకం మాత్రం ఒక్కదానికీ జవాబు చెప్పదు.

గైగాక్స్ తన సొంత ప్రపంచం గ్రేహాక్‌లో దీనికి ఒక దారి చూపించారు: 'స్కార్లెట్ బ్రదర్‌హుడ్'. దక్షిణాన ఎక్కడో ద్వీపకల్పంలో ఎర్ర అంగీల సన్యాసుల రహస్య సంఘం. తమ జాతే గొప్పదన్న పిచ్చి, ఉత్తరాది రాజుల కొలువుల్లోకి సలహాదారుల వేషంలో గూఢచారులు. విలన్లే, కాదనను. కానీ వాళ్లకి ఊరుంది, ఉద్దేశం ఉంది, శత్రువులున్నారు. అందుకే ఆ ప్రపంచంలో వాళ్లు ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు.

1985లో వచ్చిన 'ఓరియంటల్ అడ్వెంచర్స్' పుస్తకం ఇంకో దారి పట్టింది. కారా-టూర్ అనే తూర్పు దేశాన్ని సృష్టించి మాంక్‌ని అక్కడికి సాగనంపింది. 1989లో రెండో ఎడిషన్ హ్యాండ్‌బుక్ నుంచి మాంక్‌ని తీసేశారు. ఆ తర్వాత పదేళ్లు అక్కడక్కడా అనుబంధాల్లో కనిపించడమే. చైనా, జపాన్ సినిమాలన్నీ ఒక్క కుండలో పోసి ఉడికించిన ఆ తూర్పు దేశం మీద విమర్శలు గట్టిగానే వచ్చాయి. 2020లో ప్రచురణకర్తలు తమ పాత పుస్తకాల డిజిటల్ ప్రతులకి హెచ్చరిక వాక్యాలు తగిలించాల్సి వచ్చింది.

2000లో మూడో ఎడిషన్ మాంక్‌ని ముఖ్య పుస్తకంలోకి తిరిగి తెచ్చింది. మరుసటి ఏడాది ఫర్‌గాటెన్ రెల్మ్స్ ప్రపంచం పుస్తకం అసలు పని చేసిపెట్టింది. ఇల్మాటర్ అనే దేవుడున్నాడు, ఇతరుల బాధని తన మీద వేసుకుని భరించేవాడు. ఆయన భక్తుల్లో ఒక మాంక్‌ల శాఖ పుట్టింది. దెబ్బలు ఓర్చుకోవడం, ఆయుధం పట్టకుండా నిరుపేదలకి అడ్డుగా నిలబడటం ఆ దేవుడి భక్తులకి సహజమే కదా. చైనా ప్రస్తావనే అక్కర్లేదు. చీకటి దేవత షార్‌కి ఇంకో శాఖ, పొట్టివాళ్లయిన హాఫ్లింగ్‌లకి మరొకటి. నాలుగో ఎడిషన్ 2010 దాకా ఆగి, మూడో హ్యాండ్‌బుక్‌లో మాంక్‌ని మనోశక్తులవాళ్ల పక్కన కూర్చోబెట్టింది. 2014లో మళ్లీ మొదటి పుస్తకంలోనే వచ్చాడు. 2024 సవరణలో, మాంక్ తన విద్యలకి ఖర్చుపెట్టే 'కి' పాయింట్ల పేరు ఫోకస్ పాయింట్లుగా మారింది.

సొంత ప్రపంచం కట్టుకునేవాళ్లు సినిమాలు పక్కనపెట్టి షావొలిన్ అసలు చరిత్ర చూస్తే ఎక్కువ సరుకు దొరుకుతుంది. చైనాలోని హెనాన్‌లో ఉన్న ఆ మఠం 495 ప్రాంతంలో భారతదేశం నుంచి వెళ్లిన ఒక భిక్షువు కోసం కట్టినదని చెబుతారు. 621లో అక్కడి సన్యాసులు యుద్ధంలోకి దిగింది ధర్మసూక్ష్మం కోసం కాదు. వాళ్ల ఎస్టేట్ ఉన్న లోయని గద్దె కోసం పోరాడుతున్న వాంగ్ షిచోంగ్ సేనలు ఆక్రమించాయి. సన్యాసులు అతని ప్రత్యర్థి లీ షిమిన్ పక్షం చేరారు. గెలిచాక మఠానికి దక్కింది భూములు, ఒక నీటిమర. 728 నాటి శిలాశాసనంలో ఈ ఇనాం సంగతి ఉంది. వాళ్లకి పేరు తెచ్చిన ఆయుధం పిడికిలి కూడా కాదు, కర్ర. ఉత్త చేతుల విద్యకి అక్కడ ప్రాధాన్యం పెరిగింది వెయ్యేళ్ల తర్వాత, 17వ శతాబ్దం దగ్గర.

మీ ప్రపంచంలో వాగు ఒడ్డున ఒక మఠం పెట్టి, దానికి ఓ మర, పాతికెకరాలు, పక్క ఊరి దొరతో నీళ్ల తగాదా రాసి చూడండి. అక్కడి నుంచి వచ్చిన మాంక్ సత్రంలో అడుగుపెట్టగానే "కుంగ్‌ఫూ ఇక్కడికెలా వచ్చింది?" అని ఎవరూ అడగరు. దొర మనుషులు మాత్రం పోయినేడు ఎగ్గొట్టిన పిండి బస్తాల లెక్క తీస్తారు.