దానిమ్మ పేరులో దాగిన జాతి

ఏడో తరగతి చదివే మా మేనకోడలు దానిమ్మ ఒలుస్తూ అడిగింది: "మామయ్యా, దీని శాస్త్రీయ నామం ప్యూనికా గ్రనేటం అట. ప్యూనికా అంటే ఏంటి?"

'కార్తేజి వాళ్లది' అని. నేటి ట్యునీషియా తీరంలో ఉన్న ఆ నగరంతో రోము క్రీ.పూ. 264 నుంచి 146 లోపు మూడు యుద్ధాలు చేసింది. యుద్ధాల సంగతి పాఠాల్లో దొరుకుతుంది. నన్ను కట్టిపడేసేది ఆ పేరు నడిచొచ్చిన దారి.

కార్తేజిని కట్టినవాళ్లు నేటి లెబనాన్‌లోని టైర్ నుంచి వలస వచ్చారు. ఆ తీరం మనిషిని గ్రీకులు 'ఫోయినిక్స్' అనేవారు. ఈ 'ఫ'ని ఇంగ్లీషు ఎఫ్‌లా పలకకండి. బళ్లలో ఈ తేడా చెప్పకపోవడం నాకు బాధే. పెదవులు మూసి 'ప' అంటూనే ఊపిరి వదలాలి. నోటి ముందు అరచెయ్యి పెడితే గాలి తగలాలి. పాత లాటిన్‌లో ఆ ఒత్తు లేదు. రోమన్ల నోట్లో మాట 'పోయ్నుస్' అయింది, బహువచనం 'పోయ్నీ'.

అచ్చం మనం 'భాష'ని 'బాస' చేసుకున్నట్టే! తర్వాత గ్రీకు చదువుకున్న రోమన్లు అదే మాటను ఒత్తుతో సహా 'ఫోయ్నికేస్' అని మళ్లీ తెచ్చుకున్నారు. తత్సమం, తద్భవం ఒకే ఇంట్లో చేరాయి, అర్థాలు పంచుకున్నాయి. మనకు భాష అంటే మాట్లాడేది, బాస చేయడమంటే మాట ఇవ్వడం. వాళ్లకు ఫోయ్నికేస్ అంటే తూర్పు తీరం వాళ్లు, పోయ్నీ అంటే ఎక్కువగా కార్తేజి వాళ్లు.

మరి ప్యూనికాలోని (లాటిన్‌లో 'పూనికా') 'పూ' ఎక్కడిది? పాత లాటిన్ 'ఓయ్' చాలా మాటల్లో 'ఊ'గా మారింది. 'ఒకటి' మొదట 'ఓయ్నోస్', తర్వాత 'ఊనుస్'. క్రీ.పూ. 3వ శతాబ్దపు రోమన్ నాయకుడు స్కిపియో సమాధి రాతి మీద ఆ పాత 'ఓయ్' ఇప్పటికీ కనిపిస్తుంది. కొన్ని మాటల్లో మాత్రం రెండూ మిగిలాయి: శిక్ష 'పోయ్నా', శిక్షించడం 'పూనీరే'. అలాగే మనిషి 'పోయ్నుస్', అతనికి సంబంధించింది 'పూనికుస్'. చివరి 'ఇకుస్' మన 'సామాజిక'లోని 'ఇక'కు చుట్టమే.

రోమన్లు దానిమ్మను 'మాలుం పూనికుం' అన్నారు, అంటే కార్తేజి ఆపిల్. 'మాలుం' నపుంసకలింగం కాబట్టి 'పూనికుం'. లాటిన్‌లో చెట్ల పేర్లు మామూలుగా స్త్రీలింగం. అందుకే మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1753 పుస్తకంలో చెట్టు 'పూనికా'. పక్కనున్న 'గ్రనేటం' నపుంసకంగానే ఉండిపోయింది. అది విశేషణంలా ముందు మాటతో లింగం కలుపుకోదు, తనే ఒక పండు పేరు: 'గింజలున్నది'.